ఒక్క చెట్టు తోపు కాదు
(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగమో, పురాణమో, కవిత్వమో వినిపించటం మనవారి ఆనవాయితీ. ఆ మూడూ మాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. అందుచేత కార్యవర్గం వారు మమ్మల్ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు, మేము చెట్ల సంగతి ఎన్నుకొన్నాము. మేము వృక్షశాస్త్రజ్ఞులము కాము. చదివి తెలిసికొన్నదానిని, మనకు తెలిసిన మామిడిచెట్టుతోను, మన ఇళ్ళలోని పెళ్ళి సంబంధాలతోను పోల్చి చెప్పుకొంటాము. తప్పక వినవలసిన సంగతి అని మా నమ్మకం.

మీలో చాలామంది సీసాతాటి చెట్టును చూసే ఉంటారు. మొదలు సీసా మాదిరిగా ఉబ్బి, మెడ దగ్గర సన్నబడి, నెత్తిన నాలుగైదు ఆకులతో నిలబడి ఉంటుంది. ఆఫీసుల ముందర, బంగళాల ముందర, హోటళ్ళ ముందర అలంకారానికి వేస్తారు. మేము పనిచేసే స్టేషను ఆవరణలో కూడా రెండున్నవి. ఇది మన దేశపు చెట్టే కాబోలు అని చాలాకాలం అనుకొన్నాము. కాదు. హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు ఉత్తరాన రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవి ఉన్నది. దాని వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. సీసాతాటికి పుట్టినిల్లు అది. లోకమంతటా తోటలలో వేలకొద్దీ పెరుగుతూ ఉన్న ఈ చెట్టు, సొంత గడ్డమీద మాత్రం ఒకప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టవలసిన స్థితికి వచ్చినది. మనుష్యులు ఆ దీవిమీద వదలిన మేకలూ కుందేళ్ళూ మొలిచిన ప్రతి మొక్కనూ కొరికివేయటమే దానికి కారణం. 1979లో మేకలను, 1986లో కుందేళ్ళను పూర్తిగా తొలగించిన తరువాతనే అక్కడ పిల్ల మొక్కలు తలెత్తినవి.

పరాయి ఊళ్ళలో వేలు, సొంత ఊళ్ళో వేళ్ళమీద లెక్క. వలస వచ్చిన మనకు ఈ మాట కొంచెం గుచ్చుకొంటుంది. కాని ఈనాడు మేము చెప్పదలచినది అంతకంటె లోతైనది. ఒక జాతి బ్రతికి ఉన్నదా అని అడిగినప్పుడు, ఎన్ని చెట్లున్నవి అని మాత్రమే లెక్కపెడితే చాలదు. అవి ఎన్ని తల్లుల బిడ్డలు అని కూడా అడగాలి. ఒక తల్లి కొమ్మలే వెయ్యి ఊళ్ళలో నాటితే వెయ్యి చెట్లు కనపడతాయి గాని, ఉన్నది ఒక్క చెట్టే. ఒక్క చెట్టు తోపు కాదు.

ముందుగా దీవుల సంగతి. భూమిమీద ఉన్న మొత్తం నేలలో దీవుల వంతు ఇంచుమించు నూటికి 5 మాత్రమే. అయినా ప్రపంచంలోని మొక్కల జాతులలో ఇంచుమించు నూటికి 20 దీవులలో తప్ప ఇంకెక్కడా పుట్టవు. ఎందువలన? సముద్రం మధ్య కొండ పైకి లేచినప్పుడు దానిమీద గడ్డిపోచ కూడా ఉండదు. గాలికి కొట్టుకొని ఒక విత్తనం, పక్షి కడుపులో ఒక విత్తనం, నీటిమీద తేలి ఒక విత్తనం, ఇట్లా వేల ఏళ్ళకు ఒకటి రెండు వచ్చి పడతాయి. వచ్చినవి తిరిగి పోలేవు, వెనుకటి చుట్టాలు వచ్చి కలవలేరు. లక్షల ఏళ్ళు అక్కడి గాలికీ నేలకూ తగినట్లు మారి, చివరకు కొత్త జాతులే అవుతాయి.

సన్న్యాసుల చేతిలో నల్లని కమండలం చూసి ఉంటారు. వాటిలో కొన్ని సీషెల్స్ దీవులలోని ఒక తాటిజాతి కాయ చిప్పతో చేసినవి. ఆ కాయ లోకంలోని విత్తనాలన్నిటిలో బరువైనది. పచ్చికాయ నీటిలో మునిగిపోతుంది. లోపలిది కుళ్ళి డొల్ల అయిన తరువాతనే తేలి మన తీరాలకు కొట్టుకొని వచ్చేది. చెట్టు ఎక్కడున్నదో తెలియక, అది సముద్రం అడుగున కాస్తుందని పూర్వులు అనుకొనేవారు. 1768లో గాని ఆ చెట్టు ఉన్న దీవి బయటివారికి తెలియలేదు. మన కొబ్బరికాయ తేలుతూ పోయి పరాయి తీరాన మొలవగలదు. ఈ కాయ దీవికి అలవాటుపడి ప్రయాణమే మరచిపోయినది. దీవి మొక్కలలో చాలావాటి స్వభావం ఇదే. మేకలు, పందులు, కోతులు, ఎలుకలు లేనిచోట పెరిగినవి కనుక చాలావాటికి ముళ్ళుండవు, చేదుండదు, విషముండదు. శత్రువు వస్తాడని వాటికి తెలియదు.

ఇప్పుడు మారిషస్‌కు వస్తాము. ఆ దీవి మనకు పరాయిది కాదు. 1834 మొదలు కొన్ని దశాబ్దాలపాటు ఇంచుమించు నాలుగున్నర లక్షలమంది భారతీయులను చెరకుతోటలలో పనికి ఒప్పందంమీద అక్కడికి తీసికొనిపోయారు. వారిలో మన కోరంగి రేవునుంచి ఓడ ఎక్కిన తెలుగువారున్నారు. అందుచేతనే అక్కడ తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. ఈనాటికీ మారిషస్‌లో ఉగాది సర్కారు సెలవు దినం. మనం ఇక్కడ పచ్చడి తింటున్నట్లే అక్కడా తెలుగు ఇళ్ళలో పండుగ జరుగుతుంది.

మనవారు అక్కడ దిగేనాటికే ఆ దీవి అడవికి చాలా చేటు జరిగినది. 1598లో డచ్చివారు అడుగుపెట్టారు. నల్లచేవ మానులను నరికి ఓడలకెత్తారు. ఆ మానులు మన బీడీ ఆకు తునికికి దగ్గర చుట్టాలు. డోడో అనే ఎగరలేని పక్షి, వారు వచ్చిన నూరేళ్ళలోపుగానే లేకుండా పోయినది. తరువాత ఫ్రెంచివారు, 1810 నుంచి ఇంగ్లీషువారు. అడవి పోయి చెరకు వచ్చినది. ఆ చెరకు నరకటానికే మనవారిని పిలిపించారు. పొట్టకూటికి వచ్చినవారిది ఇందులో తప్పేమీ లేదు. కాని ఆ మట్టిలో మనవారి చెమట కలిసినది కనుక, అక్కడి అడవి ఏమైనదో తెలిసికొనటం మనకు కూడా తగును.

మారిషస్‌లో సహజంగా పుట్టిన పూలమొక్కల జాతులు 700కు కొంచెం తక్కువ. అందులో 270కి పైగా అక్కడ తప్ప మరెక్కడా లేవు. మంచి స్థితిలో మిగిలిన సహజారణ్యం మాత్రం దీవి వైశాల్యంలో నూటికి 2 వంతులకు మించదు. నరకటం ఆగినా నష్టం ఆగలేదు. బ్రెజిల్ నుంచి తెచ్చిన ఒక జాతి జామ అడవిలో చొరబడి చాపపరచినట్లు అల్లుకొన్నది. దాని నీడలో స్థానికపు మొలక బ్రతకదు. బయటనుంచి వచ్చిన కోతులు కాయ ముదరకముందే కొరికి పారవేస్తాయి. ఎలుకలు విత్తనాలు తింటాయి. పందులు మొక్కలను పెళ్ళగిస్తాయి. కనుక ముసలి చెట్లు నిలబడి ఉంటాయి గాని పిల్లలుండవు. చూసినవారికి అడవి పచ్చగానే కనపడుతుంది. అది వృద్ధులు మాత్రమే మిగిలిన పల్లెటూరు వంటిది.

ఈ మారిషస్ రాజ్యంలోనిదే రోడ్రిగ్స్ అనే చిన్న దీవి. మారిషస్‌కు తూర్పుగా ఇంచుమించు 600 కిలోమీటర్ల దూరాన ఉన్నది. అక్కడ జరిగిన ఒక సంగతి పిల్లలు ప్రత్యేకంగా వినాలి. కాఫీ కుటుంబంలో చేరిన తెల్లపూల మొక్క ఒకటి ఆ దీవిలో ఉండేది. దానిని అక్కడివారు కఫే మారోన్, అనగా అడవి కాఫీ అంటారు. 1870 ప్రాంతాల శాస్త్రజ్ఞులు దాని బొమ్మ గీసి పెట్టారు. తరువాత చాలాకాలం అది ఎవరికీ కనపడలేదు. నశించిపోయినదని అందరూ తీర్మానించారు. 1980 ప్రాంతంలో ఒక బడిపంతులుగారు తన పిల్లలకు దీవిలోని అరుదైన మొక్కల బొమ్మలు చూపించి, మీ ఇళ్ళ దగ్గర ఇటువంటివి ఉన్నవేమో వెతకండని చెప్పారు. ఒక కుర్రవాడు కొమ్మ తెచ్చి చూపించాడు. రోడ్డు ప్రక్కన, పశువులు కొరికి, పురుగు పట్టి, ఒకే ఒక్క చెట్టు మిగిలి ఉన్నది!

సంతోషించవలసిన ఆ వార్తే చెట్టుకు ప్రాణాపాయమైనది. తాగిన మత్తు దిగటానికీ, కొన్ని రహస్య రోగాలకూ అది మంచి మందని అక్కడి జనం నమ్మకం. చెట్టు దొరికిందని తెలియగానే కొమ్మలు విరవటం మొదలుపెట్టారు. చుట్టూ కంచె వేశారు. ఒక కంచె చాలక మళ్ళీ మళ్ళీ కంచెలు వేశారు. 1986లో కొన్ని కొమ్మలు కోసి విమానంమీద లండన్ నగరపు క్యూ ఉద్యానవనానికి పంపించారు. అక్కడ వేరు తొడిగినది. మొక్క పెరిగినది, పూసినది. కాని కాయ కాయలేదు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, పదిహేడేళ్ళు పూస్తూనే ఉన్నది గాని ఒక్క విత్తనం ఇవ్వలేదు. కొమ్మలనుంచి ఎన్ని మొక్కలు చేసినా అన్నీ ఆ ఒక్క చెట్టే. ఒక పుప్పొడికి ఇంకొక పుప్పొడి తోడు లేదు.

క్యూ తోటలో కార్లోస్ మాగ్డలీనా అనే తోటపనివాడు పట్టు విడువక పరీక్షలు చేశాడు. పుప్పొడి పువ్వు కీలాగ్రంమీద పడుతున్నది గాని లోపలికి దిగటంలేదని గ్రహించాడు. కీలాగ్రాన్ని కోసి, కోసినచోట పుప్పొడి అద్ది చూశాడు. మొక్కలను బాగా వేడి ఉన్నచోట పెట్టి చూశాడు. ఎన్నో పువ్వులు వ్యర్థమైన తరువాత, 2003లో కాయ నిలిచినది. విత్తనం మొలిచినది. మొలిచిన పిల్ల మొక్క ఆకులు చూసి అందరూ ఆశ్చర్యపోయారు. పెద్ద చెట్టు ఆకులు గుండ్రంగా పచ్చగా ఉంటే, పిల్ల మొక్క ఆకులు సన్నగా పొడుగ్గా ఎండినట్లు గోధుమరంగులో ఉన్నవి. ఒకప్పుడు ఆ దీవిలో తిరిగిన పెద్ద తాబేళ్ళ నోటికి చిక్కకుండా చిన్నతనంలో చచ్చినట్లు నటించే ఉపాయమని పండితుల ఊహ. తాబేళ్ళు పోయి రెండు వందల ఏళ్ళు దాటినవి. మొక్క మాత్రం ఆ భయాన్ని మరచిపోలేదు. తరువాతి సంవత్సరాలలో ఆ సంతానాన్ని తిరిగి రోడ్రిగ్స్ దీవికి చేర్చారు.

ఇది శుభాంతమైన కథ వలె కనపడుతుంది. సగమే శుభం. ఎందుకో చెప్పటానికి మన మామిడిచెట్టును తెచ్చుకొందాము.

బంగినపల్లి మామిడి ఎక్కడ కొన్నా బంగినపల్లే. కారణం, అది టెంకనుంచి వచ్చిన చెట్టు కాదు, అంటు చెట్టు. తల్లి కొమ్మనే తెచ్చి కట్టినది. అందుచేత రుచి మారదు. కాని తల్లికి ఏ తెగులు పడుతుందో, అన్ని అంట్లకూ ఆ తెగులే పడుతుంది. టెంక పాతితే వచ్చేది వేరు. ఒకటి పులుపు, ఒకటి పీచు, ఒకటి తేనె. ఒకటి గాలివానకు ఆగుతుంది, ఇంకొకటి నీళ్ళు లేకపోయినా బ్రతుకుతుంది. వ్యాపారికి టెంక చెట్టు నష్టం. జాతికి మాత్రం అదే ధనం. ఏనాడు ఏ కష్టం వస్తుందో తెలియదు కనుక, తోపులో రకరకాల చెట్లుంటే ఏదో ఒకటి తట్టుకొని నిలుస్తుంది. దీనినే శాస్త్రజ్ఞులు జన్యు వైవిధ్యం అంటారు.

జన్యువులంటే భయపడవలసిన మాట కాదు. ప్రతి విత్తనంలోను రెండు చిట్టా పుస్తకాలున్నవనుకోండి. ఒకటి తల్లి ఇచ్చినది, రెండోది తండ్రి ఇచ్చినది. అందులోని పద్దులే జన్యువులు. ఒక పుస్తకంలో ఒక పద్దు తప్పుగా పడినా, రెండో పుస్తకంలో సరిగా ఉంటే పని నడుస్తుంది. రెండు పుస్తకాలూ ఒకే పుస్తకానికి నకళ్ళయితే? తప్పు రెండింటిలోనూ ఉంటుంది, దిద్దటానికి ఆధారం ఉండదు. మన పెద్దలు సగోత్రం కూడదన్నారు. అదే పెద్దలు మేనరికం మంచిదన్నారు! మనవంటి చిన్న వలస సంఘాలలో సంబంధాలు అటు తిరిగి ఇటు తిరిగి అయినవారిలోనే కుదురుతాయి. దగ్గర రక్తంలో పదే పదే ఇచ్చి పుచ్చుకొంటే పిల్లలకు కొన్ని వంశపారంపర్యపు జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు చెప్పటం వింటూనే ఉన్నాము. ఎవరినీ ఆక్షేపించటానికి ఈ మాట అనలేదు. ఒక్క చెట్టు పుప్పొడి ఆ చెట్టుకే అద్దినప్పుడు జరిగేది మేనరికంకంటె ఎన్నో రెట్లు దగ్గర సంబంధం అని తెలియటానికి చెప్పాము. కఫే మారోన్ ఇబ్బంది అదే. దాని సంతానానికి తల్లీ తండ్రీ ఒకటే.

కొన్ని మొక్కలు మనకంటె నియమం గట్టిగా పాటిస్తాయి. తన పుప్పొడిని, తన తోబుట్టువుల పుప్పొడిని అసలు స్వీకరించవు. అటువంటి చెట్టు ఒకటి సెయింట్ హెలీనా దీవిలో ఉండేది. నెపోలియన్ చక్రవర్తిని బందీగా ఉంచిన దీవి అదే. ఆయన 1821లో అక్కడే మరణించాడు. ఆ చెట్టును సెయింట్ హెలీనా ఆలివ్ అన్నారు గాని, నిజానికి అది మన రేగు కుటుంబానికి చెందినది. పోర్చుగీసువారు వదలిన మేకలు, వంటచెరకుకు నరికిన మనుష్యులు, ఇద్దరూ కలిసి ఆ దీవి అడవిని తుడిచిపెట్టారు. ఈ చెట్టు కూడా పోయినదనే అనుకొన్నారు. 1977లో ఒక కొండచరియమీద ఒక్క చెట్టు దొరికినది. కొమ్మలు నాటి చూశారు, విత్తనాలకోసం ప్రయత్నించారు. స్వీయ పుప్పొడిని ఒప్పని చెట్టు కనుక మొలకలు బహు కొద్ది. 1994లో అడవిలోని ఆ చెట్టు చనిపోయినది. తోటలో మిగిలిన మొక్కలకు బూజు పట్టినది, చెదపురుగు తోడైనది. 2003లో చివరి మొక్క కూడా ఎండిపోయినది.

అదే 2003లో కఫే మారోన్ కాయ కాసినదని మనవి చేశాము. ఒకే సంవత్సరం ఒక దీవి చెట్టు గట్టెక్కినది, ఒక దీవి చెట్టు మునిగినది. రెండింటికీ శ్రమపడినవారున్నారు. ఒకదానికి ఉపాయం దొరికినది, రెండోదానికి దొరకలేదు. ఒక్క చెట్టు మిగిలేదాకా ఆగితే, ఆపైన అంతా అదృష్టంమీద ఆధారపడిన వ్యవహారమే.

మారిషస్‌లోనే క్యూర్‌పిప్ పట్టణపు తోటలో ఒక తాటిజాతి చెట్టు ఉన్నది. మొదట చెప్పిన సీసాతాటికి సొంత అక్క వంటిది. లోకం మొత్తంమీద ఆ జాతికి అది ఒక్కటే. ఒకే చెట్టుమీద మగపూలు, ఆడపూలు రెండూ పూస్తాయి గాని, ఒకే వేళకు విచ్చవు. విత్తనంలోని అంకురాన్ని తీసి ప్రయోగశాలలో గాజుసీసాలో మొలిపించారు. మట్టిలోకి మార్చగానే నిలవలేదు. చుట్టూ తోట నిండా చెట్లు. దాని వంటిది ఇంకొకటి భూమిమీద లేదు.

సంఖ్య చూసి మోసపోరాదనటానికి మరొక నిదర్శనం పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవిలో ఉన్నది. అక్కడ మౌనాకియా అనే 4,207 మీటర్ల అగ్నిపర్వతంమీద వెండికత్తుల గుత్తి వంటి మొక్క ఒకటి పెరుగుతుంది. ఎన్నో ఏళ్ళు పెరిగి, జీవితంలో ఒక్కసారి పూసి, చనిపోతుంది. అది కూడా తన పుప్పొడిని స్వీకరించని జాతి. పశువులు, గొర్రెలు మేసి అడవిలో కొన్ని పదుల మొక్కలే మిగిలినవి. 1970 దశకం నుంచి నారు పెంచి కొండమీద 450కి పైగా నాటారు. అందరూ సంతోషించారు. తీరా జన్యు పరీక్షలు చేస్తే, ఆ నాటినవన్నీ రెండే రెండు తల్లి మొక్కల సంతతి. 450 మంది ఉన్న ఊళ్ళో రెండే ఇళ్ళవారన్నమాట! సంబంధాలెక్కడ కుదురుతాయి? అప్పుడు శాస్త్రజ్ఞులు పద్ధతి మార్చారు. పశువులెక్కలేని కొండచరియలలో మిగిలిన అడవి మొక్కల దగ్గరకు ఎక్కి, వాటి పుప్పొడిని తెచ్చి, చేతితో అద్ది, కొత్త విత్తనాలు సంపాదించి, మరల వేలకొద్దీ నాటారు. పని ఆలస్యమైనా సవ్యమైనది. చరియమీద ఆ కొద్ది మొక్కలు కూడా లేకపోయి ఉంటే దిద్దుకొనే దారే ఉండదు.

ఈ దృష్టాంతాలనుంచి తేలిన నియమాలు కొన్ని ఉన్నవి. విత్తనం సేకరించేటప్పుడు ఒక చెట్టుకు పండిన గంపెడు విత్తనాలకంటె, యాభై చెట్లనుంచి గుప్పెడు గుప్పెడు విత్తనాలు మేలు. యాభై తల్లులనుంచి తీస్తే ఆ జాతిలో సాధారణంగా ఉండే జన్యువులలో చాలావరకు చేతికి వస్తాయని లెక్క కట్టారు. ఏ విత్తనం ఏ తల్లిదో చీటీ కట్టి ఉంచాలి. చీటీ లేని విత్తనం, రశీదు లేని పార్శెల్ వంటిది. ఎండబెట్టి చల్లగా దాచగలిగిన విత్తనాలను ఈ రోజులలో గిడ్డంగులలో దాస్తున్నారు. ఇంగ్లండులో 2000లో ఇందుకోసం ఒక పెద్ద విత్తనాల గిడ్డంగి తెరిచారు. కాని మన మామిడి టెంక, పనస గింజ ఎండితే చచ్చిపోతాయి గదా. దీవి మొక్కలలోనూ అటువంటివున్నవి. వాటిని బ్రతికిన తోటలలోనే కాపాడాలి, అదీ ఒక తోటలో కాక పలు తోటలలో.

అన్నిటికంటె ముఖ్యం, పుట్టినచోట కాపాడటం. మారిషస్‌లో అడవి ముక్కలకు కంచెలు వేసి, పందులూ జింకలూ రాకుండా చేసి, ఆ బ్రెజిల్ జామను చేతులతో పీకివేస్తున్నారు. పీకినచోట కొన్నేళ్ళకు స్థానికపు మొలకలు తామే లేస్తున్నవి. ఆ దేశపు తీరాన ఈల్ ఓ జెగ్రెట్ అనే 26 హెక్టార్ల, అనగా ఇంచుమించు 64 ఎకరాల చిన్న దీవిని 1965లో రక్షిత స్థలం చేశారు. 1991లో ఎలుకలను నిర్మూలించారు. అక్కడి నల్లచేవ మానులకు ఒక చిక్కు ఉన్నది. కాయలు తిని విత్తనాన్ని దూరం మోసుకొనిపోయే పెద్ద తాబేళ్ళు ఏనాడో నశించినవి. కాయలన్నీ తల్లి క్రిందనే రాలి కుళ్ళుతున్నవి. అందుచేత 2000లో అల్డాబ్రా దీవులకు చెందిన పెద్ద తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి కాయలు తిని దీవంతా తిరిగి విత్తనాలు వేసినవి. తాబేలు కడుపులోనుంచి వచ్చిన విత్తనాలు బాగా మొలుస్తున్నవని 2011లో ప్రకటించారు. పోయిన చుట్టం తిరిగి రాకపోయినా, అతని పని చేయగల దాయాదిని తెచ్చుకొన్నారన్నమాట.

దీవి అంటే నీటి మధ్యనే ఉండనవసరం లేదు. మైదానం మధ్య కొండ కూడా మొక్కకు దీవే. మన తిరుమల కొండలు, శేషాచలం అడవులు అటువంటివి. సైకాస్ బెడ్డోమీ అని శాస్త్రజ్ఞులు పిలిచే పొట్టి ఈతచెట్టు వంటి చెట్టు ఆ ప్రాంతపు కొండలలో తప్ప లోకంలో సహజంగా మరెక్కడా పెరగదు. దానిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు కంకిని బలానికి మందని కోసుకొనిపోతారు. చెట్టును చంపలేదు గదా అని కోసినవారి ధీమా. కాని కంకి పోతే పుప్పొడి పోయినది, పుప్పొడి పోతే ఆడచెట్టు గొడ్డువోయినది. రోడ్రిగ్స్ దీవిలో కొమ్మలు విరిచినవారికీ, ఇక్కడ కంకులు కోసేవారికీ తేడా ఏమున్నది? ఈ చెట్టుతో దేశాంతర వ్యాపారం అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం నిషిద్ధం. 2010లో శేషాచలాన్ని జీవమండల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కాగితంమీది రక్షణ కొండమీద నిలవటం మాత్రం మందు కొనేవారి చేతిలో ఉన్నది. కొనేవారు లేకపోతే కోసేవారుండరు.

ఇక మనం చేయగలిగినది ఏమిటని అడగవచ్చు. మనం దీవులకు పోయి చెట్లు ఎక్కనవసరం లేదు. చిన్న పనులు నాలుగున్నవి.

మొదటిది, మన సంఘం ఆవరణలోగాని, గుడి దగ్గరగాని చెట్లు నాటినప్పుడు, నారంతా ఒకే చెట్టు విత్తనాలనుంచి తేవద్దు. వేప నాటదలిస్తే పది వీధుల పది వేపల గింజలు తెద్దాము. రెండవది, సెలవుమీద సొంత ఊరు వెళ్ళినవారు అంటు మొక్కతోబాటు పెరటిలోని నాటు మామిడి టెంక, పాత చిక్కుడు, పాత గుమ్మడి, పాత వంగ గింజలు కూడా తెచ్చుకోండి. ఏ ఊరివి, ఎవరి పెరటివి అని చీటీ వ్రాయండి. ఇద్దరు ముగ్గురు ఇళ్ళలో పంచి పెంచండి. ఒక ఇంట పోయినా ఇంకొక ఇంట ఉంటుంది. మూడవది, అండమాన్లకుగాని, మారిషస్‌కుగాని, ఏ దీవికిగాని వెళ్ళేవారు సామానులో విత్తనాలు, మట్టి, మొక్కలు దాచి తీసికొనిపోవద్దు. అక్కడి తనిఖీ అధికారులు అడిగినప్పుడు విసుక్కోవద్దు. ఒక జామ అక్కడ ఏమి చేసినదో విన్నారు గదా. నాలుగవది, అడవినుంచి తెచ్చిన అరుదైన మూలికలని చెప్పి అమ్మేవారి దగ్గర కొనవద్దు.

పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. కఫే మారోన్‌ను కనిపెట్టినవాడు పెద్ద శాస్త్రజ్ఞుడు కాదు. పంతులుగారు చూపిన బొమ్మను శ్రద్ధగా చూసి, కళ్ళు తెరుచుకొని నడిచిన కుర్రవాడు. మీ ఊరి చెట్ల పేర్లు మీకు ఎన్ని తెలుసునో ఇంటికి పోయి లెక్కపెట్టండి. తెలియనివి అమ్మమ్మను, తాతగారిని అడగండి. పేరు తెలియని చెట్టు పోయినా, పోయినదని ఎవరికీ తెలియదు.

ఈ పూట అందరం ఉగాది పచ్చడి తిన్నాము. వేపపువ్వు ఒక్కటే వేస్తే అది మందు, బెల్లం ఒక్కటే వేస్తే అది పానకం. ఆరు రుచులూ ఉంటేనే పచ్చడి అన్నారు పెద్దలు. వచ్చే ఏడు ఎండ ఎక్కువో వాన ఎక్కువో తెలియని లోకంలో చెట్లకు కూడా ఆ ఆరు రుచులు కావాలి. ఒక రుచి పోయిన తరువాత వెతికితే దొరకదు. ఆరూ ఉండగానే దాచుకోవాలి.

 ఈ నూతన సంవత్సరం మీ ఇళ్ళలోనూ, మీ పెరళ్ళలోనూ, మనవారున్న ప్రతి గడ్డమీదా పాడిపంటలతో వర్ధిల్లుగాక అని కోరుకొంటూ సెలవు తీసికొంటున్నాము.